ఒక్కొక్క కన్నుతో చూసుకోండి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ విశేష సంచికలో ప్రచురిస్తున్నాము.)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే ఈ వేదికమీద కన్ను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను డాక్టర్ని కాను. ముప్పై అయిదేళ్ళు ట్రెజరీలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అయితే 2021 నుంచి ఈ జబ్బుతో కాపురం చేస్తున్నాను. రెటీనా డాక్టర్లు చెప్పింది విని, అర్థంకానిది మళ్ళీ అడిగి, ఇంటికొచ్చి నోటుపుస్తకంలో రాసుకోవడం నా అలవాటు. ఆ పుస్తకం చూసుకునే మాట్లాడుతున్నాను.

జబ్బు పేరు ఏజ్ రిలేటెడ్ మాక్యులర్ డీజనరేషన్. పొడి అక్షరాల్లో ఎ.ఎం.డి. అంటారు. తెలుగులో దీనికి నోటికి పట్టిన పేరు ఇంకా రాలేదు. ఆ పేరు లేకపోవడమే మొదటి చిక్కు అని నా ఉద్దేశం. శుక్లాలంటే అందరికీ తెలుసు. చత్వారం తెలుసు, నీటికాసులు తెలుసు, రేచీకటి తెలుసు. పేరు తెలిసిన జబ్బుకు ఆస్పత్రికి వెళతాం. పేరు తెలియనిదాన్ని "వయసు మీదపడింది కదా" అని సరిపెట్టుకుంటాం. శుక్లాల ఆపరేషను అయినవాళ్ళు మరీను. "నాకు లెన్సు వేశారండీ, ఇంక కళ్ళకు ఢోకా లేదు" అంటారు. లెన్సు కంటి ముందు భాగానిది. ఈ జబ్బు కంటి వెనక గోడకు వస్తుంది. ముందు తలుపు బాగుచేయించినంత మాత్రాన వెనక గోడ చెమ్మ ఆగదు కదా.

ఆ వెనక గోడ సంగతి కొంచెం చెబుతాను. కంటి లోపల వెనకవైపు రెటీనా అనే పల్చని పొర ఉంటుంది. కంట్లో పడిన వెలుగును పట్టి మెదడుకు పంపేది అదే. ఆ పొర నడిమధ్యన సుమారు 5 మిల్లీమీటర్ల వెడల్పున్న జాగా పేరు మాక్యులా. మనం సూదిలో దారం ఎక్కించినా, పేపరు చదివినా, మనవడి మొహం గుర్తుపట్టినా, చేతిలోది వంద నోటా రెండువందల నోటా అని పోల్చుకున్నా అదంతా ఆ చిన్న జాగా చేసే పనే. చుట్టూ ఉన్న మిగతా రెటీనా పక్కచూపు చూసుకుంటుంది. గుమ్మం తగలకుండా నడవడం, పక్కనుంచి వచ్చే ఆటోను కనిపెట్టడం దాని పని.

శుక్లం వస్తే మొత్తం మసక కమ్ముతుంది. నీటికాసులు వస్తే సాధారణంగా చూపు అంచులనుంచి తరుక్కుంటూ వస్తుంది. ఎ.ఎం.డి. నడిమిచూపును తింటుంది. అందువల్ల దీనివల్ల కటికచీకటి అయిపోవడం ఉండదు. జబ్బు బాగా ముదిరినవాళ్ళు కూడా ఇంట్లో తిరగగలరు, దారి తెలుసుకోగలరు. చదవలేరు, మొహాలు పోల్చలేరు. ఎదురుగా వచ్చిన మనిషి చెప్పులు కనిపిస్తాయి, భుజం మీద కండువా కనిపిస్తుంది, మొహం ఉండవలసిన చోట మాత్రం అలుక్కుపోయిన మరక ఉంటుంది. మన ఊళ్ళల్లో దీనివల్ల ఎన్ని స్నేహాలు చెడిపోయాయో చెప్పలేను. "ఎదురుపడ్డా పలకరించలేదండీ, ఆఫీసరు పింఛను కదా, గర్వం" అనుకునేవాళ్ళు కొందరు. పాపం ఆయనకు కనబడితేగా పలకరించడానికి.

ఈ జబ్బులో రెండు రకాలు. పొడి రకం, తడి రకం. రెటీనాలో వెలుగును పట్టే కణాలు రోజూ కొంత చెత్త విడుస్తాయి. దాన్ని ఎత్తివేసే పొర ఒకటి కింద ఉంటుంది. వయసు మళ్ళేసరికి ఆ పొరకు ఓపిక తగ్గి, పసుపుపచ్చని చిన్న చిన్న ముద్దలు పేరుకుంటాయి. వాటిని డ్రూసెన్ అంటారు. రికార్డు రూములో ఏళ్ళతరబడి కట్టలు తీయకపోతే ఏమవుతుందో మనకు తెలుసు, అటువంటిదే. ఇది పొడి రకం. నూటికి ఎనభై అయిదు, తొంభై మందికి ఇదే. ఏళ్ళమీద మెల్లగా నడుస్తుంది, కొందరికి చాలాకాలం పెద్ద నష్టం లేకుండానే గడిచిపోతుంది, కొందరికి నడిమి కణాలు క్రమంగా చచ్చిపోతాయి.

తడి రకం వేరు. రెటీనా కింద ఉండకూడని కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. అవి గట్టివి కావు. నీరు, నెత్తురు కారుస్తాయి. దానితో మాక్యులా ఉబ్బి, చూపు వారాల్లో, ఒక్కోసారి రోజుల్లోనే పడిపోతుంది. అలాగే వదిలేస్తే మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన తరువాత ఏ డాక్టరూ చేసేది పెద్దగా ఉండదు. పొడి రకం ఉన్నవాళ్ళకు కొందరికి మధ్యలో తడి రకం వస్తుంది. అందుకని "మీది పొడి రకమేనండీ" అని డాక్టరు చెప్పినా ధీమాగా కూర్చోవడానికి లేదు.

ఇక ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది. మనకు రెండు కళ్ళు ఉండడమే ఈ జబ్బుకు దాక్కునే చోటు. ఒక కంటి నడిమిచూపు పోతున్నా రెండో కన్ను ఆ లోటును పూడ్చేస్తుంది. మెదడు రెండింటినీ కలిపి ఒకే బొమ్మ చేసి చూపిస్తుంది. పేపరు చదువుతూనే ఉంటాం, టీవీ చూస్తూనే ఉంటాం. రెండో కంటికి కూడా దెబ్బ తగిలిన రోజున "నిన్నటిదాకా బాగుందండీ" అంటాం. నిన్నటిదాకా బాగున్నది ఒక కన్నే.

నా సంగతి చెబుతాను. 2021 దసరా ముందు కుడికంట్లో నలుసు పడి, ఆ కన్ను అరచేత్తో మూసుకుని, ఎడమకంటితో పాలలెక్క పుస్తకం చూశాను. గీతల కాగితం. తడిబట్టల బరువుకు దండెం కిందికి వంగినట్టు ఆ గీతలు మధ్యలో వంగి కనిపించాయి. కుడికన్ను తెరిస్తే తిన్నగా ఉన్నాయి. మళ్ళీ మూస్తే వంగాయి. మూడోనాడు రెటీనా డాక్టరు దగ్గర కూర్చున్నాను. ఎడమకంటికి తడి రకం అన్నారు. ఆ వారంలోనే ఇంజెక్షను ఇచ్చారు. ఇప్పటికి పద్నాలుగు పడ్డాయి. ఆ కంటితో పేపరు హెడ్డింగులు చదువుతాను, సన్న అక్షరాలు కుడికంటితో.

మన సంఘంలోనే ఉన్న మరొక మిత్రుడి సంగతి ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పను. ట్యూబులైటు వంకరగా ఉందని ఆయనకు మాఘమాసంలో అనిపించింది. కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళి అద్దాలు మార్పించారు. రెండు నెలల తరువాత మళ్ళీ మార్పించారు. మధ్యలో మనవడి ఒడుగు. తరువాత ఎండలు. ఆస్పత్రికి వెళ్ళేసరికి నాలుగు నెలలు దాటింది, మచ్చ కట్టేసింది. బ్రిటనులో 2018లో వెలువడిన వైద్య మార్గదర్శకాల్లో తడి ఎ.ఎం.డి. రోగిని మాక్యులా వైద్యవిభాగానికి పంపిన 14 రోజుల్లోగా చికిత్స మొదలు కావాలని పెట్టారు. పద్నాలుగు రోజులు! మన లెక్కల్లో ఒడుగులు, ఎండాకాలాలు ఉంటాయి.

కాబట్టి ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోండి. చదివే అద్దాలు పెట్టుకోండి. ఒక కన్ను అరచేత్తో మూయండి, నొక్కకండి. రెండోదానితో కిటికీ ఊచలో, తలుపు చట్రమో, గోడ క్యాలెండరులో తేదీల గళ్ళో చూడండి. తరువాత రెండో కన్ను. గీతలు వంగినట్టు, తెగినట్టు, మధ్యలో గడి మాయమైనట్టు కనిపిస్తే అది ఆస్పత్రికి వెళ్ళవలసిన విషయం. మార్క్ ఆమ్‌స్లర్ అనే స్విస్ కంటి డాక్టరు ఇందుకోసమే ఒక గళ్ళపటం తయారుచేశారు. పది సెంటీమీటర్ల చదరంలో అయిదేసి మిల్లీమీటర్ల గళ్ళు, మధ్యలో ఒక చుక్క. ఒక అడుగు దూరంలో పట్టుకుని చుక్కనే చూస్తూ, చుట్టూ గీతలు ఎలా ఉన్నాయో గమనించాలి. ఈ సంచిక వెనక అట్టమీద దాన్ని అచ్చువేయమని కార్యదర్శిగారిని కోరాను. చింపి పూజగది తలుపుకు అంటించుకోండి, రోజూ అటు వెళ్ళేవాళ్ళమే కదా. అయితే గీతలు తిన్నగా ఉన్నంతమాత్రాన కన్ను బాగున్నట్టు కాదు. మొదటి దశలో ఏ తేడా తెలియదు. అరవై దాటినవాళ్ళు ఏడాదికోసారి కంటిపాపను మందుచుక్కలతో పెద్దది చేయించుకుని వెనక గోడ చూపించుకోవాలి. కంటి శిబిరాలు మంచివే, తెలంగాణలో 2018లోనూ ఆంధ్రలో 2019లోనూ ప్రభుత్వాలు మొదలుపెట్టిన కంటి వెలుగు కార్యక్రమాల్లో ఎందరికో కళ్ళజోళ్ళు వచ్చాయి. కానీ శిబిరంలో అక్షరాల బోర్డు చదివించి అద్దాలు ఇచ్చినంత మాత్రాన రెటీనా పరీక్ష అయినట్టు కాదు. చుక్కలు వేశారా లేదా అన్నది గుర్తు.

ఆస్పత్రిలో ఓ.సి.టి. అనే స్కాను తీస్తారు. సూది లేదు, నొప్పి లేదు. గడ్డం ఆనించి ఒక దీపం వంక చూడడమే. రెటీనా పొరలను కోసిన కేకు ముక్కలా పక్కనుంచి చూపిస్తుంది, నీరు ఎక్కడుందో మనక్కూడా కనిపిస్తుంది. అవసరమైతే చేతి నరానికి రంగుమందు ఎక్కించి ఫోటోలు తీస్తారు. ఆ రోజు మూత్రం పచ్చగా వస్తే భయపడకండి.

ఇంజెక్షను గురించి అందరూ భయంగా అడుగుతారు. "కంట్లోకే గుచ్చుతారా?" అవును, కంట్లోకే. విన్నంత భయంకరంగా ఉండదు. ఆపరేషను గదిలో పడుకోబెట్టి, తిమ్మిరి చుక్కలు వేసి, గోధుమరంగు మందుతో శుభ్రంచేసి, రెప్పలు మూసుకోకుండా క్లిప్పు పెడతారు. తెల్లగుడ్డు పక్కనుంచి వెంట్రుకలాంటి సూదితో మందు వేస్తారు. మందు ఎంత? మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. క్లిప్పు పెట్టిన ఇబ్బందే నాకు ఎక్కువ అనిపించింది. ఒకటి రెండు రోజులు కన్ను ఎర్రబడవచ్చు, నల్ల బుడగలు తేలినట్టు ఉండవచ్చు. కానీ తరువాతి రోజుల్లో నొప్పి పెరిగినా, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా ఆ రోజే వెళ్ళాలి, రాత్రయినా సరే. అరుదుగా లోపల చీము పడుతుంది, అది కన్ను తీసేసే జబ్బు.

2000 సంవత్సరం ముందు ఈ తడి రకానికి లేజరుతో కాల్చడం తప్ప పెద్ద వైద్యం లేదు. మన నాన్నగార్ల తరం ఊరికే చూపు పోగొట్టుకుంది. కొత్త రక్తనాళాలను మొలిపించే పదార్థాన్ని అడ్డుకునే మందులు తరువాత వచ్చాయి. రానిబిజుమాబ్ అనే మందుకు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ ఏడాదే ప్రచురించిన మెరీనా అనే పరిశోధనలో, నెలనెలా ఇంజెక్షను తీసుకున్నవాళ్ళలో నూటికి సుమారు 95 మందికి ఏడాది తరువాత చూపు చాలావరకు నిలబడింది. మందు లేనివాళ్ళలో అలా నిలబడినది 62 మందికే. పూర్తి మోతాదు తీసుకున్నవాళ్ళలో మూడింట ఒక వంతు మందికి అక్షరాల బోర్డులో మూడు వరుసలు అదనంగా చదివేంత చూపు పెరిగింది. ఇక్కడ గమనించవలసినది "నెలనెలా" అన్న మాట. ఇది ఒక్క ఇంజెక్షనుతో తీరే పని కాదు. మొదట నెలకొకటి చొప్పున మూడు, ఆ తరువాత స్కాను చూసి ఎడం పెంచుతారు. మొదటి రెండింటికి చూపు మెరుగై మానేసినవాళ్ళు, ఖర్చు చూసి మానేసినవాళ్ళు నాకు తెలుసు. నీరు మళ్ళీ చేరుతుంది.

ఖర్చు మాట వచ్చింది గనుక చెబుతాను. అవాస్టిన్ అనే మందు, అసలు పేరు బెవాసిజుమాబ్, పెద్దపేగు క్యాన్సరుకు తయారైనది. దాన్ని చిన్న మోతాదుల్లో విడదీసి కంటికి వాడతారు, కనుక చౌక. 2011లో అమెరికా ప్రభుత్వ నేత్రసంస్థ చేయించిన పరిశోధనలో ఏడాది తరువాత ఖరీదైన రానిబిజుమాబ్‌కూ దీనికీ చూపులో తేడా లేదని తేలింది. విడదీసేటప్పుడు శుభ్రత తప్పితే కంటికి ముప్పు, కనుక దీన్ని జాగ్రత్తగా చేసే ఆస్పత్రిలోనే వేయించుకోవాలి. 2015 నుంచి మన దేశంలో తయారైన రానిబిజుమాబ్ కూడా దొరుకుతోంది. "డాక్టరుగారూ, తక్కువ ధరలో నాకు సరిపోయేది ఉందా?" అని అడగడం నామోషీ ఏమీ కాదు. ఏడాదికి ఆరేడు ఇంజెక్షన్లు భరించే దారి ముందే చూసుకోవడం, రెండు ఖరీదైనవి వేయించుకుని ఆగిపోవడంకంటే మేలు.

బిల్లుల సంగతి: ఈ ఇంజెక్షనుకు ఉదయం వెళ్ళి మధ్యాహ్నం ఇంటికి వస్తాం. నా మొదటి బిల్లును ఒక కార్యాలయంవారు "ఇన్ పేషెంటు కాదు" అని ఎర్రసిరాతో రాసి తిప్పి పంపారు. కొర్రీలు రాయడం మనకూ వచ్చిన విద్యే కదా! ఆపరేషను గదిలో జరిగిన డే కేర్ చికిత్స అని డాక్టరుచేత రాయించి, స్కాను రిపోర్టు జతచేసి, మళ్ళీ పెట్టాను. ఆర్నెల్లకు పాసైంది. మీరు మొదటిసారే ఆ రెండు కాగితాలు పెట్టండి. మందు డబ్బామీది స్టిక్కరును కూడా బిల్లుకు అంటించి ఉంచుకోండి.

పొడి రకానికి పోయిన చూపు తెచ్చే మందు లేదు. ముదిరిన పొడి రకం వేగాన్ని తగ్గించే రెండు ఇంజెక్షన్లకు 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. అవి కూడా నడక నెమ్మదింపజేసేవే, చూపు తిరిగి ఇచ్చేవి కావు. విటమిన్ల మాట అందరూ అడుగుతారు. అమెరికాలో 2001లోనూ 2013లోనూ ఫలితాలు వెలువడిన ఆరెడ్స్ పరిశోధనల ప్రకారం, మధ్యస్థాయి జబ్బు ఉన్నవాళ్ళకూ ఒక కంటికి ముదిరినవాళ్ళకూ జబ్బు పెరిగే అపాయం నాలుగో వంతు తగ్గింది. అందులో సి, ఇ విటమిన్లు, జింకు, రాగి ఉంటాయి. రెండో పరిశోధనలో ల్యూటీను, జియాజాంతిన్ చేర్చారు. జబ్బు లేనివాళ్ళకు రాకుండా ఆపుతుందని తేలలేదు. కనుక మందులషాపులో "కళ్ళకు మంచిది" అని అమ్మే ప్రతి సీసా కొనకండి. పొగతాగే అలవాటు ఉన్నవాళ్ళు, మానేసినవాళ్ళు కూడా, బీటా కెరోటిన్ ఉన్నది వాడకూడదు. దానితో ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు పెరుగుతుందని తేలింది.

పొగ అనగానే ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు. మన చేతుల్లో ఉన్న కారణాల్లో పెద్దది అదే. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రివారు 1996 నుంచి 2000 దాకా హైదరాబాదులోనూ, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల్లోనూ పదివేలమందికి పైగా పరీక్షించారు. నలభై దాటినవాళ్ళలో నూటికి ఇద్దరికి కొంచెం తక్కువగా ఈ జబ్బు కనబడింది. చుట్టలు ఎక్కువగా కాల్చేవాళ్ళలో మరీ ఎక్కువ. సిగరెట్టు మీద పరిశోధనలు లోకమంతా ఉన్నాయి, మన చుట్ట మీద మన జిల్లాల్లోనే తేలిన లెక్క ఇది. అడ్డపొగ పీల్చే ముసలమ్మలకు కూడా చెప్పండి. రెండో కారణం వంశం. మా పెద్దక్కయ్యకు ఉంది, నాకు ఉంది. మా పిల్లలకు యాభై దాటగానే చూపించుకోమని చెప్పి ఉంచాను.

తిండి విషయం క్లుప్తంగా. పాలకూర, తోటకూర, మునగాకు, మొక్కజొన్న, గుడ్డు పచ్చసొన, తినేవాళ్ళకు చేప. పొన్నగంటికూర కంటికి మంచిదని మన అమ్మలు చెప్పేవారు. తినండి, ఆకుకూర ఎప్పుడూ మంచిదే. దానితో జబ్బు పోతుందని కూర్చోకండి. కంట్లో తేనె, చనుబాలు, ఆకు పసరు మాత్రం పోయకండి. నందివర్ధనం పువ్వు రెప్పలమీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంతవరకే.

ఇప్పుడు ఎవరూ బయట చెప్పుకోని ఒక సంగతి. మా పెద్దక్కయ్యకు ఎనభై నాలుగేళ్ళు. పొడి రకం రెండు కళ్ళకూ ముదిరింది. మొహం చూసి మాట్లాడదు, మన చెవివైపు చూస్తూ మాట్లాడుతుంది. నడిమిచూపు లేదు గనుక అంచుచూపుతో మనల్ని పట్టుకోవడం అది. ఒకనాడు నన్ను ఒంటరిగా పిలిచి, "ఒరేయ్, వసారాలో పట్టుపరికిణీల పిల్లలు వరసగా నిలబడుతున్నారురా. ఆర్నెల్లనుంచి. ఎవరితోనూ అనకు" అంది. పిచ్చి ఎక్కిందని పిల్లలు ఆస్పత్రిలో పడేస్తారేమోనని ఆమె భయం. కోడలికి అనుమానం వచ్చి అప్పటికే ఒక తాయెత్తు కట్టించింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "వాళ్ళు మాట్లాడతారా అమ్మా?" అని అడిగారు. "లేదు నాయనా, నిలబడి చూస్తారంతే." "నిజంగా ఉన్నారనుకుంటున్నారా?" "లేరని తెలుసు. కనబడతారు." డాక్టరు నవ్వి, దీనికి పేరు ఉందమ్మా అన్నారు. ఛార్లెస్ బానెట్ సిండ్రోమ్. బానెట్ అనే స్విట్జర్లాండు పండితుడు 1760లో తన తాతగారికి ఇలా మనుషులు, పక్షులు, బళ్ళు కనబడేవని రాసి పెట్టాడు. చూపు తగ్గిన కంటినుంచి మెదడుకు వచ్చే సమాచారం తగ్గిపోతే, మెదడు తనంతట తానే బొమ్మలు గీసుకుంటుంది. మతి సరిగ్గానే ఉంటుంది. దీపం వేసినా, కళ్ళు అటూ ఇటూ తిప్పినా చాలామందికి మాయమవుతాయి. మాటలు కూడా వినపడుతుంటే, భయపెడుతుంటే, మతిమరుపు ఉంటే, కొత్త మందు మొదలుపెట్టిన తరువాత వచ్చిఉంటే అది వేరే సంగతి, అప్పుడు కూడా డాక్టరుకే చెప్పాలి. మా అక్కయ్య ఆ రోజు దారిపొడవునా మాట్లాడుతూనే ఉంది. ఇప్పుడు "ఇవాళ మీవాళ్ళు వచ్చారా?" అంటే, "వచ్చారు, ఇవాళ పచ్చపరికిణీలు" అంటుంది. ఈ హాలులో ఇద్దరు ముగ్గురికైనా ఇది ఉండి ఉంటుంది. ఇంట్లోవాళ్ళు మెల్లగా అడగండి.

చూపు తగ్గినవాళ్ళతో మెలిగే పద్ధతి పిల్లలు కొంచెం నేర్చుకోవాలి. గదిలోకి రాగానే "తాతగారూ, నేను ఫలానా" అని పేరు చెప్పండి. "నేనెవరో చెప్పుకోండి" అని పరీక్షలు పెట్టకండి. సామాను ఉన్నచోటే ఉంచండి. స్టీలు కంచంలో పెరుగన్నం వాళ్ళకు కనబడదు, అరిటాకులో తెల్లగా కనబడుతుంది. రోజూ ఆకు దొరక్కపోతే ముదురురంగు కంచం కొనండి. మెట్ల అంచులకు పసుపు రంగు వేయించండి. చదవడానికి గదిలో పెద్దదీపంకంటే భుజం పక్కనుంచి కాగితంమీద పడే టేబులు లైటు మేలు. తగిన భూతద్దం ఏదో లో విజన్ విభాగంలో పరీక్షించి చెబుతారు, ఎల్.వి. ప్రసాద్ ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది. అంగట్లో దొరికిందల్లా కొంటే కళ్ళు తిరుగుతాయి. సెల్‌ఫోనులో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, చదివి వినిపించమనవచ్చు. నోట్లు పోల్చడానికి 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంకు మణి అనే యాప్ విడుదల చేసింది, ఫోను నోటుమీద పడితే విలువ పలుకుతుంది.

లైఫ్ సర్టిఫికెట్ గురించి ఒక మిత్రుడు అడిగారు, "కన్ను పాడైంది కదా, ఐరిస్ యంత్రంలో పడుతుందా?" అని. ఐరిస్ అంటే కంటి ముందు భాగంలో, కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం. ఎ.ఎం.డి. దాని జోలికి పోదు, కనుక ఈ జబ్బు కారణంగా ఆగదు.

ఇక సంతకం. చెక్కుమీద సంతకం కలవలేదని వెనక్కి వస్తే మనబోటివాళ్ళకు ప్రాణం పోయినట్టు ఉంటుంది. జబ్బువల్లో వయసువల్లో సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర వేయవచ్చు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు స్వతంత్ర సాక్షులు దాన్ని గుర్తించాలి, వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయిఉండాలి. చూపులేదన్న కారణంతో చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు, లాకరు నిరాకరించకూడదని 2008లో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. డెబ్భై దాటినవాళ్ళకు, చూపులేనివాళ్ళకు ఇంటివద్దనే సేవలు అందించే ఏర్పాటు చేయాలని 2017 నవంబరులో బ్యాంకులకు చెప్పింది. కౌంటరులో కుర్రవాడికి తెలియకపోతే మేనేజరు దగ్గరికి వెళ్ళి అడగండి. ముప్పై అయిదేళ్ళు ఇతరుల నిశానీలకు సాక్షి సంతకాలు పెట్టినవాళ్ళం, అవసరమైనప్పుడు మనం నిశానీ వేస్తే పోయే పరువు ఏమీ లేదు.

ఇంకా సంతకం చేయగలిగిఉండి, గీత ఎక్కడుందో మాత్రం కనబడనివాళ్ళకు ఒక చిన్న ఉపాయం ఉంది. నల్ల అట్టముక్కలో సంతకం పట్టేంత సందు కత్తిరించి, కాగితంమీద ఆ గీత దగ్గర ఆనించుకుంటే, పెన్ను ఆ సందులోనే నడుస్తుంది. పాత ఎక్స్‌రే ఫిలింతో ఇంకా బాగా వస్తుంది. అటువంటివి నలభై కత్తిరించి తెచ్చాను, తలుపు దగ్గర బల్లమీద ఉన్నాయి. వెళ్ళేటప్పుడు కావలసినవాళ్ళు ఒక్కొక్కటి తీసుకోండి.